లావు వేరు, బలము వేరు

మాఘ ఫాల్గుణ మాసములలో ఆర్మూరు పరిసర గ్రామములకు పోవు వారికి ఊరు కనబడుటకు ముందే పసుపు వాసన తెలియును. తవ్వి తెచ్చిన దుంపలు ఒకచోట ఉడుకుచుండును; ఉడికినవి కల్లములలో ఎండుచుండును. ఎండిన కొమ్ములు యంత్రములో దొర్లి మెరుగెక్కి, గోనె సంచులలో నిజామాబాదు మార్కెట్ యార్డు దారి పట్టును. ఈ పంట పండించు రైతునకు ఎవరును నేర్పనక్కరలేని విద్య యొకటి కలదు. తూకము వేరు, సరుకు వేరు అని అతడెరుగును. పచ్చి కొమ్ము బరువైనదే; కాని ఆ బరువులో అధిక భాగము నీరు. నాలుగైదు క్వింటాళ్ళ పచ్చి పసుపు ఎండినగాని ఒక క్వింటాలు సరుకు కాదు. సరిగా ఎండని పసుపు కాటాపై ఎంత తూగినను, కొనువాడు దానికి ధర తగ్గించును. కొమ్మును చేతబట్టి విఱుచును. ఖంగుమని విరిగినచో మంచి సరుకు. మెత్తగా వంగినచో లోపల తేమ యున్నది.

ఇంత నేర్పు గల ఇండ్లలోనే బిడ్డల విషయము వచ్చుసరికి కాటా చెప్పినదే వేదమగుచున్నది. సెలవులకు వచ్చిన మేనత్త పదేండ్ల పిల్లవానిని ఎగాదిగా చూచి, "పోరడు మంచిగ దొడ్డుగైండు" అని మెచ్చుకొనును. తల్లి ముఖము వికసించును. సాయంకాలము ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీయును. పక్కయింటి పిల్లవాడు ఎండనక వాననక పరుగెత్తుచు సన్నగా, చురుకుగా ఉన్నచో వాని తల్లి మాత్రము "ఏం తింటలేడు, గాలి కొడితే పడిపోతడు" అని బెంగపడుచుండును. మొదటి పిల్లవాడు మేడమెట్లు ఎక్కునప్పుడు ఆయాసపడుచున్నాడని ఎవరును గమనింపరు. రెండవ పిల్లవాడు జ్వరమెరుగడని ఎవరును లెక్కింపరు. పసుపు కొమ్మును విఱిచి చూచు చేయి, బిడ్డ బలమును మాత్రము బరువుతోనే కొలుచుచున్నది.

ఈ పొరపాటు నేటిది కాదు. దీనికి మన భాషయే సాక్ష్యము. నేడు "లావు" అనగా స్థూలత్వము అని అందరికిని తెలియును. కాని ప్రాచీన కవుల కావ్యములలో లావు అనగా బలము. పోతన భాగవతములోని గజేంద్రుడు తనకు లావు తరిగినదని మొరపెట్టుకొన్నప్పుడు, తాను చిక్కిపోతినని చెప్పుటలేదు. శక్తి ఉడిగినదని చెప్పుచున్నాడు. కాలక్రమమున ఆ మాట బలమును వదలి కొవ్వును పట్టుకొన్నది. "దొడ్డ" అను మాటయు అట్టిదే. దొడ్డ మనసు, దొడ్డ దొర అనినప్పుడు గొప్పతనము. తెలంగాణమున దొడ్డు అనినప్పుడు లావు. లావుగా ఉన్నవాడు బలవంతుడనియు, దొడ్డుగా ఉన్నవాడు గొప్పవాడనియు జనులు తలచిన కాలమొకటి యుండుటచేతనే ఒక మాట రెండర్థములను మోయగలిగినది.

ఆ తలపు మూర్ఖత్వము కాదు. నిజాంసాగరు నిర్మాణము 1931లో పూర్తియగుటకు పూర్వము, పోచంపాడు వద్ద శ్రీరాంసాగరునకు 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయుటకు పూర్వము, ఈ ప్రాంతపు మెట్ట పల్లెలలో వాన కురిసినచో జొన్న, కురియనిచో పస్తు. గటక త్రాగి, అంబలి త్రాగి, ఏడాదిలో కొన్ని నెలలు సగము కడుపుతో గడపిన తాతలకు, బుగ్గలు నిండిన బిడ్డ కంటి కెదురుగా నిలిచిన ఐశ్వర్యము. బొద్దుగా ఉన్న బిడ్డ జ్వరము వచ్చినను తట్టుకొనుననియు, బక్కబిడ్డ తట్టుకొనలేడనియు వారు కన్నులార చూచినదే చెప్పిరి. కరవు నేర్పిన పాఠమది. కరవు కాలమునకు సరియైన పాఠమే. చిక్కెల్లను, కరవు పోయి పొలములు మారినను పాఠము మారకపోవుటలోనే యున్నది.

మారిన సంగతిని అంకెలు స్పష్టముగా చెప్పుచున్నవి. ప్రపంచ దేశముల శాస్త్రజ్ఞులు కలిసి చేసిన గణన యొకటి 2024లో "లాన్సెట్" వైద్య పత్రికలో వెలువడినది. దాని ప్రకారము 1990లో భారతదేశమున 5 నుండి 19 ఏండ్ల లోపు వారిలో స్థూలకాయులు సుమారు 4 లక్షల మంది. 2022 నాటికి 1 కోటి 25 లక్షల మంది. వారిలో బాలురు 73 లక్షలు, బాలికలు 52 లక్షలు. ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యునిసెఫ్ 2025 సెప్టెంబరులో మరియొక విషయము ప్రకటించినది. ప్రపంచము మొత్తముమీద బడి యీడు పిల్లలలో బరువు చాలని వారికంటె స్థూలకాయులే ఎక్కువైరి. దక్షిణాసియాలోను, సహారా ఎడారికి దక్షిణముననున్న ఆఫ్రికాలోను మాత్రము ఆ తారుమారు ఇంకను జరుగలేదు. ఆ దారిన మనమును నడచుచున్నాము.

అంతకంటె ఆలోచింపదగినది, 2016-18 సంవత్సరములలో కేంద్ర ప్రభుత్వము పిల్లల పోషణపై జరిపించిన సమగ్ర జాతీయ సర్వే. ఆ సర్వేలో పిల్లల రక్తమును కూడ పరీక్షించిరి. బడి యీడు పిల్లలలోను, కౌమార వయస్కులలోను సుమారు నూటికి 10 మంది మధుమేహపు గడపలో నిలిచియున్నారని తేలినది. కౌమారులలో నూటికి 5 గురికి రక్తపు పోటు కలదు. అరువదేండ్లకు రావలసిన జబ్బులు ఆరవ తరగతి బెంచీలపై కూర్చుండియున్నవన్నమాట.

లావుగా ఉన్న పిల్లల శరీరములో జరుగునదేమి? తిన్న అన్నము, రొట్టె, మిఠాయి చివరకు చక్కెరగా మారి రక్తములో చేరును. ఆ చక్కెరను కండరములకు, ఇతర కణములకు అందించునది క్లోమము స్రవించు ఇన్సులిన్. కదలిక తక్కువై, తిండి ఎక్కువై, కడుపులోను కాలేయములోను కొవ్వు పేరుకొన్నకొలది కణములు ఇన్సులిన్ మాట వినవు. క్లోమము మరింత ఇన్సులిన్ స్రవించి ఎటులో నెట్టుకొని వచ్చును. కొన్నేండ్లకు అదియు అలసిపోవును. అప్పుడు బయటపడునది టైపు-2 మధుమేహము. ఒకప్పుడు పెద్దల వ్యాధియని పేరుపడినది. దానితోపాటు కాలేయమునకు కొవ్వు పట్టుట, రక్తపు పోటు, మోకాళ్ళ నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చుట. పిల్లవాడు గురక పెట్టుచున్నచో గాఢనిద్ర యని తల్లిదండ్రులు సంతోషింతురు. ఆ గురకతో నిద్ర చెడి, మరునాడు బడిలో వాడు తూగుచుండును. మందబుద్ధి యని పేరు తెచ్చుకొనును.

ఆర్మూరు వంటి ఊరిలో ప్రత్యేకముగా చెప్పవలసిన గుర్తు ఒకటి యున్నది. లావెక్కిన పిల్లలలో కొందరికి మెడ వెనుకను, చంకలలోను చర్మము నల్లబడి, మందమై, మొఖమలు గుడ్డవలె కనబడును. తల్లులు అది మట్టియనుకొందురు. ఇంట పసుపునకు కొదువ లేదు గనుక సెనగపిండితో కలిపి నలుగు పెట్టి, పిల్లవాడు ఏడ్చుచున్నను రుద్దుదురు. ఎంత రుద్దినను ఆ నలుపు పోదు. అది మట్టి కాదు. లోపల ఇన్సులిన్ మాట చెల్లుటలేదని శరీరము పైకి వ్రాసి చూపుచున్న చీటి యది. ఆ చీటిని చదువుకొన్న తల్లి బిడ్డను వైద్యుని కడకు తీసికొనిపోయి రక్త పరీక్ష చేయించినచో, చేయి దాటకముందే దారి మరల్చవచ్చును. దానిని రుద్దుచు కూర్చుండినచో కాలము గడచిపోవును.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవచ్చును. "పిల్లలలో సగము మంది బక్కచిక్కి యున్న రాష్ట్రములో లావు గురించి మాట్లాడుట కలిగినవారి వేదాంతము కాదా?" అని. ఆక్షేపణలో బలమున్నది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో అయిదేండ్ల లోపు పిల్లలలో సుమారు మూడవవంతు వయసుకు తగిన ఎత్తు ఎదుగలేదు. ఆరు నెలలు దాటిన శిశువులలో నూటికి 70 మందికి రక్తహీనత కలదు. ఇట్టిచోట బడిలో పెట్టు మధ్యాహ్న భోజనము, అందులోని గ్రుడ్డు ఎందరికో ఆధారము. వాటిని తగ్గించుమని చెప్పువాడు పిల్లల శత్రువు.

కాని ఆకలియు స్థూలకాయమును రెండు వేర్వేరు ఊళ్ళలో కాపురముండునవి కావు. ఒకే వీధిలో, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంటిలో ఉండును. లావైన పిల్లవానికే రక్తము తక్కువగా ఉండవచ్చును. ఏలయన వాని కడుపు నిండినది పిండితోను, నూనెతోను, చక్కెరతోను గాని, పప్పుతోను ఆకుకూరతోను కాదు. పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ అను వైద్యుడు దశాబ్దములుగా చేసిన పరిశోధన ఇంకొక సత్యమును చూపినది. మన దేశపు శిశువులు ఐరోపా శిశువులకంటె తక్కువ బరువుతో పుట్టినను, వారి శరీరములో కండ తగ్గినంతగా కొవ్వు తగ్గదు. పైకి సన్నము, లోపల కొవ్వు. అట్లు పుట్టిన బిడ్డ తరువాత త్వరత్వరగా లావెక్కినచో మధుమేహము మరింత సులభముగా పట్టును. కాబట్టి గర్భిణికి తిండి చాలకపోవుటయు, పదేండ్ల తరువాత ఆమె కొడుకునకు తిండి మితిమీరుటయు ఒకే కథలోని రెండు అధ్యాయములు. కాటా ఇరువైపుల మోసగించును. సన్నని పిల్లలందరు ఆరోగ్యవంతులు కారు. లావైన వారందరు బలవంతులు కారు.

మరి ఈ లావు ఎక్కడినుండి వచ్చినది? పిల్లలు తిండిపోతులైరనుట సులభము. కాని ఒక తరములో ఇంతమంది పిల్లల స్వభావము ఒక్కసారిగా మారుట యెట్లు? మారినది పిల్లలు కారు, వారి దినచర్య.

ఆర్మూరు చుట్టు గ్రామములలో తెల్లవారగనే ఇంటిముందుకు పసుపు రంగు బస్సు వచ్చును. పిల్లవాడు గడప దిగి బస్సెక్కును. బడి గడప వద్ద దిగును. కొన్ని బడులకు దుకాణముల పై అంతస్తులే మేడలు. ఆటస్థలమని చూపునది బస్సులు నిలుపు చోటు. 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టపు అనుబంధములో ప్రతి పాఠశాలకు ఆటస్థలముండవలెనని స్పష్టముగా వ్రాసియున్నది. ఆటల పీరియడు పట్టికలో నుండును. లెక్కల పాఠము పూర్తి కానిచో మొదట పోవునది ఆ పీరియడే. పదవ తరగతి వచ్చినచో ఉదయము ఒక ప్రత్యేక తరగతి, సాయంకాలము మరియొకటి. ఇంటికి చేరుసరికి చీకటి, చేతికి ఫోను. ఒకనాడు చిర్రగోనె, గోలీలు, కబడ్డీ ఆడిన వీధులలో నేడు మోటారు సైకిళ్ళు నిలిచియున్నవి. బాలికల సంగతి మరింత కష్టము. పెద్దమనిషి యైన పిదప ఆటకు సెలవు. ఏడాదికి తొమ్మిది నాళ్ళు బతుకమ్మ చుట్టు తిరుగుటయే వారికి మిగిలిన వ్యాయామము.

తిండి సంగతియు అట్లే. ఈ నేల పండించునదేమి? పసుపు, మొక్కజొన్న, ఎర్రజొన్న. అంకాపూరు దారిలో కాల్చిన మక్క కంకులకై ప్రయాణికులు బండ్లు ఆపుదురు. కాని ఎర్రజొన్న విత్తనముగా ఉత్తరాదికి పోవును. మక్కలు లారీలలో కోళ్ళ దాణాకు పోవును. ఆ డబ్బుతో పిల్లవానికి గలగలలాడు ప్యాకెట్ వచ్చును. అందులో సగము గాలి, మిగిలినది నూనెలో వేగిన పిండి, ఉప్పు. గింజ ఊరిదే, గుడాలుగా పిల్లవాని దోసిలిలోనికి రావలసినది, రూపము మారి ప్రకటనలతో, బొమ్మలతో తిరిగి వచ్చినది. బియ్యము మాత్రము సన్నముగా, తెల్లగా ఉండవలెను. దొడ్డు బియ్యమనిన చిన్నచూపు. పిల్లవాడు మాత్రము దొడ్డుగా ఉండవలెను. ఇంతకంటె చిత్రమేమున్నది?

చక్కెర కథ ఈ జిల్లాకు మరియు దగ్గరిది. బోధనులో 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరుపొందినది. 2015 డిసెంబరులో మూతపడినది. ఫ్యాక్టరీ మూతపడినది గాని చక్కెర వాడుక తగ్గలేదు. పండుగనాడు బెల్లము, అతిథి వచ్చిననాడు చక్కెర తిన్న ఇండ్లలో నేడు చక్కెర సీసాలలో కరగి, ప్రతి దినము వచ్చుచున్నది. 300 మిల్లీలీటర్ల తీపి పానీయములో సుమారు 30 గ్రాముల చక్కెర ఉండును. పెద్దలకే రోజుకు 25 గ్రాములలోపు ఉండుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినది. ఒక్క సీసాతో ఆ పరిమితి దాటినది. అన్నము మాట ఇంకను రాలేదు.

దీనికి ఆర్మూరు ప్రాంతమున ఒక కరుణరసము కూడ తోడైనది. దుబాయిలోనో, సౌదీలోనో ఏండ్ల తరబడి చెమటోడ్చు తండ్రి, దగ్గర లేనందుకు పరిహారముగా కొడుకు అడిగినది కాదనడు. "నేనైతే తినలే, వాడన్న తిననియ్యి" అని ఫోనులో భార్యకు చెప్పును. ఆ మాటలో ప్రేమ తప్ప మరియొకటి లేదు. తాతకు మనుమని చేతిలో ప్యాకెట్ పెట్టుట ముద్దు పెట్టుకొనుటతో సమానము. ఇట్టి ఇంటికి పోయి "మీరు బిడ్డను పాడుచేయుచున్నారు" అనుట అన్యాయము. ప్రేమను తగ్గించుకొమ్మని ఎవరును చెప్పనక్కరలేదు. దాని చేతిలోని వస్తువును మార్చుమని మాత్రము చెప్పవలెను.

ఆట, పని, తిండి వీటిలో దేని మహిమ యెంతో తెలిసికొనుటకు మన హైదరాబాదులోనే ఆధారము కలదు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదు చేరి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందిన సంస్థ తార్నాకలో నున్నది. హైదరాబాదు నగరములో 12 నుండి 17 ఏండ్ల పిల్లలపై ఆ సంస్థ శాస్త్రజ్ఞులు చేసిన పరిశీలన 2007లో ప్రచురితమైనది. నాడు ఆ పిల్లలలో నూటికి 7 గురు అధిక బరువు గలవారు. ఎక్కువసేపు టెలివిజన్ చూచువారిలో లావు ఎక్కువ. బయట ఆటలాడు వారిలో తక్కువ. ఇంటిపనులలో చేయి కలుపు వారిలో కూడ తక్కువ. ఇది రాకెట్ శాస్త్రము కాదు. అవ్వ చెప్పు మాటయే. కాని అవ్వ చెప్పినప్పుడు విననివారు అంకె చెప్పినప్పుడైనను వినవలెను. కల్లములో పసుపు తిరగవేయుటకు తండ్రితో పోయిన పిల్లవాడు చదువు పోగొట్టుకొనుటలేదు. ఒక సాయంకాలపు ఆరోగ్యమును సంపాదించుకొనుచున్నాడు.

చదువు మాట వచ్చినది గనుక దానిని దాటిపోరాదు. తల్లిదండ్రుల వాదము ఒక్కటే. "ఆటలాడిన మార్కులు రావు, మార్కులు రానిచో హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగము రాదు." మంచిది. ఆ ఉద్యోగము వచ్చినవారి స్థితి యేమి? హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు వైద్యులతో కలిసి ఐ.టి. ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రకటించిన ఫలితములలో, పరీక్షింపబడిన వారిలో నూటికి 84 మందికి కాలేయమునకు కొవ్వు పట్టియున్నది. కూర్చుండి చేయు చదువు, కూర్చుండి చేయు ఉద్యోగము. నడుమ లేచి పరుగెత్తిన దినమే లేదు. ఏ గమ్యమునకై పిల్లవాని ఆట తీసివేయుచున్నారో, ఆ గమ్యమున వానికై ఎదురుచూచునది ఆసుపత్రి చీటీ యైనచో, ఆ బేరములో లాభమెవరికి? పసుపు బేరములో ఇట్టి నష్టమును ఆర్మూరు రైతు ఒక్క నిమిషము సహింపడు.

ఇట్టి సంగతులు చెప్పినప్పుడు వెంటనే చిట్కాలు బయలుదేరును. పసుపు పాలు త్రాగించిన కొవ్వు కరగుననియు, పసుపు మాత్రలు మింగించిన నెలలో బరువు తగ్గుననియు చెప్పువారు తక్కువ కాదు. పసుపు గౌరవమునకు లోటు లేదు. గాయము మాన్పు గుణముపై అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును, అది భారతీయుల ఇంటింటి విద్య యని నిరూపించి, 1997లో మన సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ రద్దు చేయించినది. కాని గాయమునకు పనికివచ్చిన పసుపు, ఆడని ఆటకు బదులు కాజాలదు. అట్లే ఎదుగు పిల్లలను పస్తు పెట్టుటయు ప్రమాదమే. చాలమంది పిల్లలకు కావలసినది బరువు దింపుట కాదు. ఎత్తు పెరుగుచుండగా బరువును నిలుపుట. వైద్యులు పిల్లల బరువును ఒంటరిగా చూడరు. ఎత్తును, వయసును జోడించి చూతురు. ఇంటివారును అట్లే చూడవలెను.

అన్నిటికంటె ముందు మానవలసినది ఎగతాళి. లావైన పిల్లవానికి బడిలో పెట్టని పేరు లేదు. తోటిపిల్లలే కాదు, ఒక్కొక్కప్పుడు ఉపాధ్యాయులును ఆ పేర్లతో పిలుతురు. ఇంటిలో మెచ్చుకోలు, బడిలో వెక్కిరింత. ఈ రెంటి నడుమ నలిగిన పిల్లవాడు ఆటస్థలము అంచున కూర్చుండి, ఇంకను తక్కువ కదలుచు, దుఃఖములో ఇంకను ఎక్కువ తినును. నవ్వులో కరగిన కొవ్వు ఎక్కడను లేదు.

చేయవలసినవి పెద్ద పనులేమియు కావు. పాఠశాలల ఆవరణలోను, గేటునుండి 50 మీటర్ల లోపలను కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన తినుబండారములు అమ్మరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన చేసినది. ఏ తినుబండారములో ఎంత చక్కెర యున్నదో తెలుపు పట్టికలను బడులలో నిలుపుమని సి.బి.ఎస్.ఇ. 2025 మే నెలలో తన పాఠశాలలను ఆదేశించినది. నిబంధన కాగితముపై నున్నది. 50 మీటర్ల తాడు పట్టుకొని బడి గేటు వద్ద నిలువవలసినవారు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పురపాలకులు. అచ్చట అమ్ముకొను చిన్న వ్యాపారిని వెళ్ళగొట్టనక్కరలేదు. వాని బండిపై ప్యాకెట్లకు బదులు మక్క గుడాలు, పల్లీలు, జామకాయలు ఉండునట్లు చూచిన చాలును. వాని బతుకును నిలుచును, పిల్లల ఒడలును నిలుచును. ఆటల పీరియడును ఏ పాఠమును ఆక్రమింపరాదు. పిల్లలకు రోజుకు కనీసము ఒక గంట ఒడలు అలయు ఆట కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ గంటలో సగమైనను బడి ఈయవలెను, మిగిలినది ఇల్లు ఈయవలెను. ఏడాదికి రెండుసార్లు పిల్లల ఎత్తును బరువును కొలిచి, నలుగురి ముందు చదువక, తల్లిదండ్రులకు మాత్రము తెలుపవలెను.

ఇది ఆర్మూరునకు శక్తికి మించిన పనియా? ఈ ప్రాంతపు రైతులు తమ పంటకు ధర కొఱకు, పసుపు బోర్డు కొఱకు రహదారుల మీద కూర్చుండినవారు. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమున 178 మంది రైతులు స్వతంత్ర అభ్యర్థులుగా నిలిచి దేశము దృష్టిని తమవైపు త్రిప్పుకొనిరి. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదునకు వచ్చినది. పంటకొఱకు ఇంత పట్టుదల చూపిన ఊరు, బిడ్డలకొఱకు ఒక ఆటస్థలమును అడుగలేదా? ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు బడిలో పిల్లవానిని చేర్చునాడు ఫీజుతోపాటు "ఆటస్థలమెక్కడ?" అని ఒక్క ప్రశ్న వేసినచో, ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని బడి ఎంతకాలము నిలుచును?

ఉడికిన పసుపును కల్లములో పరచి పది పదిహేను దినములు ఎండనిత్తురు. రోజును తిరగవేయుదురు. ఒక మూల కుప్పగా వదలినచో లోపల చెమ్మ నిలిచి సరుకు చెడునని ఆర్మూరులో పసిబిడ్డ కూడ ఎరుగును. ఆ పసిబిడ్డనే తలుపులు మూసిన గదిలో, కుర్చీలో, ఫోను వెలుగులో కుప్పగా వదలివేసి, బరువు పెరిగినదని పెద్దలు సంతోషించుచున్నారు. పసుపునకు చూపు శ్రద్ధలో సగము వానికి చూపిన చాలును. వానిని కూడ ఎండలోనికి పోనిత్తురు గాక, పరుగెత్తనిత్తురు గాక. అప్పుడు వానికి వచ్చునది లావే. కాని పోతన ఎరిగిన లావు.